కమాన్ పట్టీ

ఈ వారం మొక్కల గురించి కాదు, మొక్కల్ని మోసే బండి గురించి రాస్తాను. పదిహేను రోజులుగా మందారాలకు పిండినల్లి పట్టినా నాకు పట్టలేదు. ధ్యాసంతా మా పాత బొలెరో పికప్ మీదే.

2009 మోడల్. ఏపీ 28 నంబరు, పాత రంగారెడ్డి జిల్లాది. రాష్ట్రం రెండయింది. ఏపీ పోయి టీఎస్ వచ్చింది, 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. బండి మాత్రం పుట్టినప్పటి పేరుతోనే తిరుగుతోంది. లింగంపల్లి స్టేషన్ దాటి నల్లగండ్ల వైపున్న మా నర్సరీ నుంచి తెల్లాపూర్, గోపన్‌పల్లి, కోకాపేట అపార్ట్‌మెంట్లకు కుండీలు, ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు చేరవేయడం దాని పని. కడియం నుంచి రాత్రంతా ప్రయాణం చేసిన లారీ తెల్లవారకముందే పాత ముంబై హైవే పక్కన ఆగుతుంది. ఆ మొక్కల్ని, సాఫ్ట్‌వేర్ వాళ్ల కార్లు రోడ్డెక్కేలోపు, తోటకు తెచ్చుకోవాలి. ఇన్నేళ్లలో ఈ ఒక్క విషయంలో బండి నన్ను నవ్వులపాలు చేయలేదు.

మొన్న ఒక గేటు దగ్గర సెక్యూరిటీ అతను మొహమాటపడుతూనే చెప్పాడు. "సార్, మొక్కలు లోపలికి పంపుర్రి, బండి మాత్రం బయటనే పెట్టుమంటున్నరు." వెనక్కి చూస్తే గేటు దగ్గర నల్లపొగ ఇంకా వేలాడుతోంది. గాలి బాగుంటుందని మొక్కలు కొనుక్కునే వాళ్లకు మొక్కలమ్మే నేను పంచుతున్నది అది! పైగా ఫిట్‌నెస్ గడువు దగ్గర పడింది. 15 ఏళ్లు దాటిన రవాణా బండ్లకు ఫిట్‌నెస్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచింది. ఏడాదికోసారి కట్టక తప్పదు. అంత కట్టి దీన్ని బాగుచేసి, నా పనికి తగ్గట్టు ఇంకొంత మార్చుకుని ఉంచుకోవాలా, ఎక్స్చేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తెచ్చుకోవాలా?

ముందు చందానగర్ వైపు మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కంప్యూటర్ తగిలించలేదు, తగిలించడానికి ఈ బండిలో ఏమీ లేదు కూడా. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ బెజ్జం మీదే బోర్లా పెట్టాడు. రింగులు అరిగిపోతే మంట తాలూకు గాలి పిస్టన్ పక్కనుంచి కిందికి జారి, ఆ బెజ్జంలోంచి పైకి తన్నుతుంది. మూత ఎగిరి అవతల పడుతుంది. మా మూత కాసేపు గజగజలాడింది గానీ పడలేదు.

"బోరుకు రాలే సార్. ఇంజిన్‌ల దమ్మున్నది. నాజిల్స్ పోయినయ్, అంతే. మైకో పంపు ఒకసారి కాలిబ్రేషన్‌కు ఇయ్యాలె."

మైకో కంపెనీ 2008లోనే బాష్‌గా పేరు మార్చుకుంది. భాయ్ నోట మాత్రం పంపంటే మైకోయే. నీలిపొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు, అంటే జేబుకు చిల్లు. నల్లపొగ అయితే డీజిల్ సరిగా మండనట్టు. నాజిల్ మొన అరిగితే డీజిల్ మంచులా చిమ్మదు, చుక్కలుగా కారుతుంది. చుక్క పైపైన మండి, మిగతాది మసి అవుతుంది. ఇంతకాలం అది ముసలితనం అనుకున్నాను, తీరా చూస్తే పంటినొప్పి.

ఆ తర్వాత భాయ్ బండి కిందికి దూరి, బయటికొచ్చి, నావైపు ఒక చూపు చూశాడు. వెనక కమాన్ కట్టల్లో కంపెనీవి కాక రెండేసి పట్టీలు ఎక్కువున్నాయి. 2011లో నేను వేయించినవే. ఎర్రమట్టికి గిరాకీ పెరిగిన రోజులవి. టన్నుంబావు మోయాల్సిన బండి మీద రెండు టన్నులు వేసేవాణ్ని. పట్టీ బరువును మోస్తుంది, నిజమే. ఆపాల్సింది బ్రేకులు కదా! బ్రేకులు, వీల్ బేరింగులు, యాక్సిల్ మాత్రం పాతవే. ఏడాదికి రెండుసార్లు బేరింగులు పోతుంటే కంపెనీని తిట్టుకునేవాణ్ని. ఇక ఖాళీ కుండీలతో వెళ్తే బండి కుందేలులా గెంతేది. పగిలిన మట్టికుండీల లెక్క రాసిపెట్టి ఉంటే ఆ పట్టీల అసలు ఖరీదు తెలిసేది. అవి కాక అరెకా పామ్‌ల కోసం తొట్టి చుట్టూ పైపులతో వెల్డింగ్ చేయించిన చట్రం ఒకటి. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపుల్లో అది తగలని దూలం లేదు.

కొత్త బండ్ల షోరూంలో కుర్రాడికి ఇవన్నీ బండి సుగుణాలుగా వివరించాను. అతను శ్రద్ధగా విని, ఫోన్‌లో "2009, వెల్డింగ్ ఉంది" అని కొట్టుకున్నాడు. పదహారేళ్లు నా పనికి నప్పేలా చేసుకున్నదంతా ఆ నాలుగు ముక్కల్లోకి వచ్చేసింది. లక్షా పదివేలు అన్నాడు. తప్పు అతనిది కాదు. కొనేవాడికి మోడల్ ఏడాది కావాలి, నా అరెకా పామ్‌లు కాదు. స్క్రాప్‌కిస్తే ఇంకా తక్కువ. 2021లో వచ్చిన స్క్రాపింగ్ విధానం ప్రకారం కొత్త బండి షోరూం ధరలో 4 నుంచి 6 శాతం.

ఇంటికొస్తే మా అబ్బాయి ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం, ఇంట్లో పప్పు ఉప్పుకైనా ఎక్సెల్ షీటే. నెలకు 1200 కిలోమీటర్లు. పాతది లీటరుకు పది ఇస్తుంది, కొత్తది పద్నాలుగు ఇస్తుందనుకుందాం. డీజిల్ 95 రూపాయలు వేసుకుంటే నెలకు మిగిలేది మూడువేల పైచిలుకు. ఎనిమిదిన్నర లక్షల అప్పుకు పదిన్నర శాతం వడ్డీతో అరవై నెలల కిస్తీ 18 వేలు దాటుతుంది. "మైలేజీ కోసం కొనడమైతే దండగ నాన్నా" అని ఆ షీటు మూసేశాడు. వాడి చేత ఆ మాట అనిపించినందుకు ఎక్సెల్ మీద నాకు గౌరవం పెరిగింది.

కొత్త డీజిల్ బండితో ఇంకో తిరకాసుంది. నా బండి పుట్టిన బీఎస్3 కాలంలో డీజిల్‌లో గంధకం 350 పీపీఎం దాకా ఉండేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక 10కి దిగింది. మంచిదే. చాలా బీఎస్6 డీజిళ్లకు పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ కూడా ఉంటుంది. పట్టిన మసిని అది కాల్చుకోవాలంటే బండి కాసేపు ఆగకుండా వేడి మీద పరుగెత్తాలి. నల్లగండ్ల ఫ్లైఓవర్ ఎక్కి దిగడానికే పావుగంట పట్టే నాకు ఆ పరుగెక్కడిది? మసి కాల్చుకోవడానికి వారంవారం ఔటర్ ఎక్కి టోల్ కట్టాలేమో.

"అయితే కరెంటుది తీసుకో" అన్నాడు అబ్బాయి. ఈ మాట కొట్టిపారేయలేను. టాటా ఏస్ ఎలక్ట్రిక్ 2022లో వచ్చింది. రోజుకు నా తిరుగుడు నలభై కిలోమీటర్లు, ఏ లెక్కన చూసినా సరిపోతుంది. తెలంగాణలో 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ చిన్న సరుకు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. 2026 డిసెంబరు దాకా ఆ వెసులుబాటు ఉంది. పాతదానికే బ్యాటరీ, మోటారు పెట్టిస్తేనో అని కూడా ఆలోచించాను. ఏ షెడ్డులోనో చేయించుకుంటే కుదిరే పని కాదు. ఆమోదం పొందిన కిట్ కావాలి, ఆర్టీఏ అనుమతి కావాలి, ఆర్సీలో మార్పు రాయించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఈ విషయంలో గట్టిది. ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇంకా గట్టిగా చెప్పింది. అది చదివాకే నా పట్టీలు, పైపుల చట్రం నాకు కొత్తగా కనిపించాయి. పదమూడు, పద్నాలుగేళ్లుగా నేను నడుపుతున్న బండి ఒకటి, ఆర్సీలో ఉన్న బండి ఇంకొకటి. ఏదైనా ప్రమాదం జరిగితే బీమా వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

సరే, కరెంటు బండే కొందామని దాదాపు నిశ్చయానికి వచ్చిన రోజు సాయంత్రం స్థలం పెద్దాయన వచ్చారు. మా నర్సరీ సొంత స్థలంలో లేదు. ఈ చుట్టుపక్కల మీరు చూసే నర్సరీల్లో చాలావాటి సంగతీ అంతే. టవర్లు లేచేదాకా ఖాళీగా ఉంచడం ఇష్టంలేని భూముల్లో మేం మొక్కలు పెంచుతుంటాం. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. పెద్దాయన మంచివారు, తొమ్మిదిసార్లు పొడిగించారు. హద్దుకు అవతల తిరుగుతున్న క్రేన్ వైపు చూస్తూ, "ఈసారికి రాసుకుందాం లెండి. వచ్చే ఏడు సంగతి నా చేతుల్లో లేదు" అన్నారు.

చార్జింగ్‌కు కరెంటు లైను వేయించాల్సింది ఎక్కడ? ఆ నేలలో! పదకొండు నెలల నేల మీద నిలబడి అరవై నెలల కిస్తీకి సంతకం పెట్టాలి. అబ్బాయి షీటులో అన్ని గళ్లూ ఉన్నాయి, ఈ గడి లేదు. చెబితే వాడు చాలాసేపు తెర వైపు చూస్తూ ఉండిపోయాడు.

కాబట్టి బండి ఉంది. ఎన్నాళ్లుంటుందో చెప్పలేను, నర్సరీ ఎక్కడికి వెళ్తుందన్నది తేలాక మళ్లీ లెక్క వేస్తాను. ఈసారి చేయించిన మార్పల్లా మార్పుల్ని తీయించడమే. ఎక్కువున్న పట్టీలు ఊడాయి, పైపుల చట్రం గ్యాస్ కటింగ్‌తో పోయింది. నాజిల్స్ కొత్తవి, పంపు కాలిబ్రేషన్, బ్రేకు లైనర్లు, రేడియం స్టిక్కర్లు కలిపి 41 వేలయింది. రెండున్నర కిస్తీలు కూడా కాదు. గేటు దగ్గర ఇప్పుడు పొగ లేదని కాదు, వెనక్కి తిరిగి చూస్తే తప్ప కనపడటం లేదు. ఇది డీజిలే, బీఎస్3యే. ఆ సెక్యూరిటీ అతనికి నేను పూర్తిగా జవాబు చెప్పినట్టు కాదు.

విప్పిన పట్టీల్ని పాత ఇనుముకు వేయబోతే భాయ్ ఆపాడు. "కమాన్ పట్టీ ఉక్కు సార్ ఇది. కమ్మరాయనకియ్యుండ్రి." కొబ్బరిబొండాల కత్తులన్నా, కొడవళ్లన్నా మన కమ్మరులు వెతుక్కునేది దీన్నే. కర్బనం ఎక్కువున్న ఉక్కు కాబట్టి పదును నిలుస్తుంది. పటాన్‌చెరు దారిలో కొలిమి పెట్టుకున్న ఒకాయన ఒక పట్టీతో రెండు కత్తులు చేసిచ్చి, మిగతా పట్టీల్ని కూలి కింద ఉంచేసుకున్నాడు.

మొన్న కడియం లారీ వచ్చినప్పుడు మొక్కల మూటల తాళ్లు ఆ కత్తితోనే కోశాం. కుండీ ఒక్కటీ పగల్లేదు. ఎర్రమట్టికి మాత్రం ఒక ట్రిప్పు బదులు రెండు పట్టాయి. రెండోది పూర్తయ్యేసరికి తొమ్మిదిన్నరయింది, గంటసేపు ఆఫీసు కార్ల మధ్య ఇరుక్కుపోయాం.