ఆ 'మనం'లో మనం ఉన్నామా?

నేను చదువుకున్నది సాహిత్యం. రాజకీయ సిద్ధాంతం చదువుతున్నా ముందు సర్వనామాల మీదే నా కన్ను పడుతుంది. పాపులిజం మీద ఈమధ్య చదివిన రెండు పుస్తకాల్లోనూ అసలు తగాదా 'ప్రజలు' అంటే ఎవరన్నదే.

మన పత్రికల్లో పాపులిజమంటే జనాకర్షక పథకాలు. యూరప్ చర్చలో అర్థం వేరు. పాపులిస్టు పైవర్గాలని తిట్టి ఊరుకోడు, అసలైన ప్రజలకి ప్రతినిధిని నేనొక్కణ్ణే అంటాడని యాన్ వెర్నర్ ముల్లర్ 'వాట్ ఈజ్ పాపులిజం?'లో (2016) అంటారు. కాదన్నవాళ్ళు ఇక ప్రజలే కారు. షాంటల్ మూఫ్ 'ఫర్ ఎ లెఫ్ట్ పాపులిజం'లో (2018) దీంతో విభేదిస్తారు. 'ప్రజలు' రాజకీయాలు నిర్మించేదే కాబట్టి కార్మికుల, వలసవచ్చినవాళ్ళ, స్త్రీల డిమాండ్లని కలిపి వామపక్షం కూడా నిర్మించవచ్చంటారు.

ఇంగ్లీషులో రెంటికీ ఒకే 'వి'. మన భాషలో వినేవాళ్ళని కలుపుకుంటే మనం, బయట నిలబెడితే మేము. నెదర్లాండ్స్‌లో గీర్ట్ విల్డర్స్ ముస్లిం స్త్రీల విముక్తి గురించి మాట్లాడతాడు. 2009లో అదే మనిషి తలగుడ్డ కట్టుకునే స్త్రీ ఏడాదికి 1000 యూరోలు కట్టి అనుమతి తీసుకోవాలన్నాడు. ఆమె పేరు చెప్పుకునే ఆ 'మనం'లో ఆమె లేదు. హంగరీ ప్రధానిగా విక్టర్ ఓర్బాన్ 2014లో ఉదారవాదం లేని రాజ్యాన్ని కడుతున్నానన్నాడు. 2018లో ఆయన ప్రభుత్వం జెండర్ స్టడీస్ ఎం.ఏ. కోర్సుకి గుర్తింపు తీసేసింది. స్పెయిన్ వామపక్ష పాపులిజం వేరే రకం. పొదెమోస్ పార్టీ ఉన్న కూటమి 2019లో తన పేరులోని 'ఉనిదోస్'ని స్త్రీలింగంలోకి, 'ఉనిదాస్'గా మార్చుకుంది. మంచిదే. కానీ మూఫ్ చెప్పే గొలుసులో మన డిమాండు ఒక లంకె. అవసరమైతే దాన్ని వదిలేసేది ఎవరు?

ముల్లర్ బహుళత్వాన్ని కాపాడుకోవాలంటారు. నిజమే, అయితే ఉదారవాద ప్రజాస్వామ్యం మాత్రం మనల్ని ఎప్పుడు కలుపుకుంది? స్విస్ పురుషులు 1959లో ఓటేసి మరీ స్త్రీలకి ఓటుహక్కు వద్దన్నారు, 1971లో గానీ ఒప్పుకోలేదు. అప్పెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ కాంటన్‌లోనయితే పురుషుల బహిరంగసభ 1990 ఏప్రిల్‌లో కూడా స్థానిక ఓటుహక్కుని తిరస్కరించింది. ఆ నవంబరులో ఫెడరల్ సుప్రీంకోర్టు చెప్తేనే దక్కింది. అక్కడ 'ప్రజలు' కాదన్నారు, రాజ్యాంగం ఔనంది.

అందుకే కోర్టులూ హక్కులూ ప్రజలకి అడ్డమని ఎవరైనా అంటే నాకు భయమేస్తుంది. ఉన్నదాన్ని కాపాడుకుంటే చాలన్నా మనసొప్పదు. తలగుడ్డ కట్టుకున్న ఆ స్త్రీ ఇంకా గుమ్మం బయటే ఉంది. ఆమెని చూస్తూ మనం 'మనం' అనగలమా?