న్యూట్రినో రచనల్లో పోలిక, నిశ్చయం: తెలుగు విజ్ఞాన గద్యంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
విశ్వాంతరాళం నుంచి వచ్చే అధికశక్తి న్యూట్రినోల ద్వారా కొత్త కణాలను, కొత్త భౌతిక నియమాలను అన్వేషించే పరిశోధనలు తెలుగు విజ్ఞాన గద్యానికి ఒక పరీక్ష. ఈ విషయాన్ని వివరించడంలో పరిభాష కొరత కంటే, సరిచూడడానికి వీలులేని పోలికలు, నిశ్చయాన్ని అతిగా సూచించే క్రియాపదాలు ఎక్కువ హాని చేస్తున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: న్యూట్రినో, విజ్ఞాన గద్యం, ఉపమానం, చార్మినార్, కోలార్.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదు పాతబస్తీకి ఆకాశ పరిశీలనతో పాత సంబంధమే ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో నెలకొల్పిన వేధశాలే తరువాత బేగంపేటకు తరలి, నిజామియా వేధశాలగా ప్రసిద్ధి చెందింది. ఆ ఖగోళశాస్త్రానికి ఆధారం వెలుగు. ఛాయాచిత్ర ఫలకంపై నక్షత్రం చుక్కగా పడుతుంది. న్యూట్రినో అలా చిక్కదు. విద్యుదావేశం లేని ఈ కణం పదార్థంతో అతి అరుదుగా చర్య జరుపుతుంది. ఆ చర్యలో పుట్టిన ఇతర కణాల జాడను బట్టే దాని రాకను నిర్ధారించాలి. చూసినదాన్ని వర్ణించే గద్యం వేరు. జాడను బట్టి నిర్ధారించే గద్యం వేరు. తెలుగు రచన మొదటిదానిలో ఆరితేరింది. రెండవదానికి కావలసిన జాగ్రత్త ఇంకా అలవడవలసి ఉంది.

2. పోలిక – పరిమితి:
పత్రికా రచనలో న్యూట్రినోను 'దెయ్యపు కణం' అనడం పరిపాటి. ఇది ఆంగ్లం నుంచి దిగుమతి అయిన పోలిక. తెలుగులో 'దెయ్యం' అనే మాటకు భయం, నమ్మకం అనే అర్థచ్ఛాయలున్నాయి. కొలతకు అందడమనే అర్థం లేదు. న్యూట్రినో కొలతకు అందుతుంది. శక్తి పెరిగేకొద్దీ అది చర్య జరిపే అవకాశం పెరుగుతుంది. సుమారు 40 టెరా ఎలక్ట్రాన్‌వోల్టులు దాటాక, భూగోళం మధ్యగా వచ్చే న్యూట్రినోలలో చాలా భాగాన్ని భూమే అడ్డుకుంటుంది. దక్షిణ ధ్రువంలోని ఐస్‌క్యూబ్ బృందం 2017లో ఈ అడ్డగింపునే కొలిచింది. ఫలితం ప్రామాణిక సిద్ధాంతపు అంచనాకు 1.3 రెట్లుగా వచ్చింది. దోషపరిమితిలో చూస్తే రెండూ పొసగుతాయి. అడ్డగింపు లెక్కకు మించి ఉంటే అది కొత్త భౌతికశాస్త్రానికి సూచన అయ్యేది. దెయ్యం గోడలోంచి దూసుకుపోతుంది. న్యూట్రినో కథలో అసలు విషయం గోడ దాన్ని ఆపడమే. పాఠకుణ్ని ఆకట్టుకోవడానికి దెయ్యం అవసరమన్న వాదన శీర్షిక వరకు చెల్లవచ్చు. వివరణ భారాన్ని ఆ పోలిక మోయలేదు.

ఇందుకు భిన్నంగా, స్థానికమైన కొలమానం వివరణకు ఉపకరిస్తుంది. ఐస్‌క్యూబ్ ఒక ఘన కిలోమీటరు మంచులో 5,160 కాంతి గ్రాహకాలను అమర్చింది. దాదాపు 50 మీటర్ల ఎత్తున్న చార్మినార్‌లను ఒకదానిపై ఒకటిగా 20 నిలిపితే ఆ ఘనంలో ఒక అంచు అవుతుంది. గ్రాహకాలు మొదలయ్యే 1,450 మీటర్ల లోతుకు 29 కావాలి. ఈ పోలికను పాఠకుడు భాగాహారం చేసి సరిచూసుకోగలడు. మంచి వైజ్ఞానిక ఉపమానానికి ఇదే లక్షణం.

3. అంకె – అర్థం:
సరైన అంకె కూడా తప్పుదారి పట్టించగలదు. 2013లో ఐస్‌క్యూబ్ ప్రకటించిన న్యూట్రినోలలో రెండింటి శక్తి సుమారు 1,000 టెరా ఎలక్ట్రాన్‌వోల్టులు. లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో అభిఘాత శక్తి 13.6. కనుక ప్రకృతి మానవయంత్రాన్ని డెబ్బై రెట్లు మించిందని రాయడం సులభం. కానీ కొలైడర్‌లో ప్రోటాన్లు ఎదురెదురుగా ఢీకొంటాయి. న్యూట్రినో నిలకడగా ఉన్న ప్రోటాన్‌ను తాకుతుంది. అప్పుడు కొత్త కణాల సృష్టికి మిగిలేది సుమారు 1.4 టెరా ఎలక్ట్రాన్‌వోల్టులే. 2023 ఫిబ్రవరి 13న మధ్యధరా సముద్రగర్భంలో కేఎం3నెట్ నమోదు చేసిన న్యూట్రినో శక్తి అంచనా 2,20,000 టెరా ఎలక్ట్రాన్‌వోల్టులు. అక్కడ ఆ మిగులు సుమారు 20కి చేరుతుంది. యంత్రాన్ని మించడమనే మాట ఇక్కడ మాత్రమే సార్థకం.

4. క్రియాపదం – నిశ్చయం:
చిత్తూరు సరిహద్దుకు చేరువలో, తెలుగు కార్మికులు కూడా పనిచేసిన కోలార్ బంగారు గనులు ఈ చర్చకు దగ్గరి ఉదాహరణ. 1965లో అక్కడ సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా, డర్హం శాస్త్రజ్ఞులు వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను పట్టుకున్నారు. అదే కాలంలో దక్షిణాఫ్రికా గనిలో మరో బృందమూ పట్టుకుంది. ఇక్కడ 'కనుగొన్నారు' అనే క్రియ న్యాయమైనది. 1975లో కోలార్ నుంచే కొన్ని అసాధారణ జాడలు వెలువడ్డాయి. అవి ఒక కొత్త బరువైన కణం క్షయం కావడం వల్ల ఏర్పడి ఉండవచ్చని పరిశోధకులు సూచించారు. తరువాతి ప్రయోగాలు దానిని ధ్రువీకరించలేదు. ఇక్కడ తగినది 'సూచించారు' మాత్రమే. రెండింటికీ ఒకే క్రియ వాడితే, పదేళ్ల తేడాతో ఒకే గనిలో జరిగిన రెండు భిన్న సంఘటనల విలువ చెరిగిపోతుంది. అలాగే, కొత్త కణం కనబడని ప్రయోగాన్ని 'విఫలం' అనడం పొరపాటు. ఏ మేరకు అది ఉండే వీలు లేదో ఆ ప్రయోగం చెబుతుంది. అది కూడా జ్ఞానమే.

5. ముగింపు:
'కావచ్చు', 'అయి ఉండాలి', 'అని తేలింది' అంటూ నిశ్చయపు మెట్లను వేరుచేసే శక్తి తెలుగు క్రియకు సహజంగానే ఉంది. న్యూట్రినో అనే పదాన్ని తెలుగు ఎన్నడో స్వీకరించింది. దానికి కొత్త పేరు వెదకడం కంటే ఈ మెట్లను పాటించడం అవసరం. విజ్ఞాన గద్యాన్ని పరిశీలించే విమర్శకులు పరిభాషతో ఆగక, పోలిక సరిచూడదగినదా, అంకె దేనికి వర్తిస్తుంది, క్రియ ఆధారానికి తగిన బరువుతో ఉందా అన్న మూడు ప్రశ్నలను కూడా వేయాలి. అప్పుడే ఆ గద్యం పాఠకుణ్ని ఆశ్చర్యపరచడంతో ఆగక ఆలోచింపజేస్తుంది.