సంసిద్ధత లేనిదెవరికి?

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతపు బళ్ళలో పనిచేసే మేమంతా విద్యా మనోవిజ్ఞానం చదివే ఉపాధ్యాయులమయ్యాము. అందులో థారన్‌డైక్ సంసిద్ధతా నియమం ఒకటుంది. సిద్ధంగా ఉన్న ప్రాణికి నేర్చుకోవడం తృప్తినిస్తుందనీ, సిద్ధంగా లేనిదానికి చిరాకు పుట్టిస్తుందనీ దాని సారం. ఆకలిగొన్న పిల్లులను పెట్టెల్లో పెట్టి ఆయన చేసిన ప్రయోగాలు 1898లో వెలువడ్డాయి. వాటి విలువను నేను కాదనను. కాని పూలతోటల్లో కూలి చేసి, పదో ఏట బడికొచ్చిన పిల్లను "సంసిద్ధత లేదు" అని చివరి వరుసలో కూర్చోబెట్టడానికి నేను ఆ నియమాన్నే అడ్డం పెట్టుకున్నాను. పిల్లికి ఆకలి కల్పించినవాడు పరిశోధకుడు. ఈ పిల్లకు ఆకలి కల్పించిందెవరు? పుస్తకం అడగలేదు; నేనూ అడగలేదు.

ఈ రంగారెడ్డి జిల్లాలోనే 1991లో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ బాలకార్మికులను బడికి తెచ్చే పని ప్రారంభించింది. పని మాన్పించిన పిల్లలను శిబిరాల్లో కొన్ని నెలలు చదివించి, వయసుకు తగిన తరగతుల్లో చేర్పించింది. సంసిద్ధత పుట్టుకతో వచ్చే గుణమే అయితే ఇది జరిగేదా? 1934లో మరణించిన సోవియట్ శాస్త్రజ్ఞుడు వైగాట్‌స్కీ సిద్ధాంతానికి ఇది నిదర్శనం. పిల్లలు ఒంటరిగా చేయగలిగినదానికీ, తెలిసినవారి సాయంతో చేయగలిగినదానికీ మధ్యనున్న మేరలోనే బోధన పని చేయాలన్నాడాయన. మంచి బోధన వికాసానికి ముందు నడుస్తుందన్నాడు.

అయితే ఆయన సూత్రాన్ని కూడా పరీక్షకోసం బట్టీపట్టి మరచిపోవచ్చు. మనస్తత్వ శాస్త్రాన్ని తోసిపుచ్చమని నేననను. పిల్లను కొలిచేముందు ఆమె చేసిన కూలినీ, మన బడినీ, మన బోధననూ కొలవమంటాను. అలా కొలుచుకున్నప్పుడు, ఆ రోజు సంసిద్ధత లేనిది నాకేనని తేలింది.