గౌడన్న కత్తి

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి నమూనా గీసిన ఎర్నెస్ట్ జాస్పర్ బెల్జియం వాడు. ఆ భవనం 1939లో తెరుచుకుంది. అప్పట్నుంచి క్యాంపస్‌కు బెల్జియంతో ఉన్న బంధుత్వం అంతవరకే. ఇప్పుడు వారాసిగూడ అద్దెగదుల్లో రీసెర్చి చేసుకునే పిల్లలు దాన్ని ఇంకో దారిలో కలుపుతున్నారు. బెల్జియం స్ట్రాంగ్ ఏల్ ఇంట్లో ఎట్లా కాయాలి, మాల్ట్ ఎంత, చక్కెర ఎంత, ఈస్ట్ ఏది అని రాత్రి పొద్దుపోయేదాకా ఒకటే చర్చ. లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజు చట్టం ఊరుకోదు కాబట్టి అది చర్చగానే ఉంటే అందరికీ క్షేమం.

ఆ పనితనాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెట్టి తీపినీళ్ళు తీస్తారు. హాప్స్ పూలు వేసి మరగబెట్టి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు. బలం కోసం గింజనే పెంచుకుంటూ పోతే పానీయం చిక్కబడి గొంతు దిగదు. అందుకని బీట్ చక్కెర వేస్తారు. అది మొత్తం పులిసిపోతుంది, పానీయం మాత్రం తేలిగ్గా ఉంటుంది. వెచ్చగా పులియనిస్తే ఈస్ట్ తనంతట తానే లవంగం వాసన, పండు వాసన పుట్టిస్తుంది. వెస్ట్‌మల్ మఠం సన్యాసుల ట్రిపెల్ తొమ్మిదిన్నర శాతం బలంతో ఉండి కూడా తాగేటప్పుడు బరువు తెలియనివ్వదు. అందులో పొడులు లేవు, మోసం లేదు. ఉన్నదల్లా చక్కెర, ఈస్ట్, వారాల ఓపిక.

అయితే పిల్లలూ, ఆ ఈస్టే, శాస్త్రజ్ఞులు శాకరోమైసిస్ సెరివిసియే అని పిలిచే ఆ జీవే, తార్నాక నుంచి గంట ప్రయాణంలో తాటిచెట్టు మీద లొట్టిలో, అంటే కల్లుకుండలో, పని చేస్తోంది. పొయ్యి లేదు, పీపా లేదు, ఎవరూ తెచ్చి కలిపింది లేదు. గాలిలోదీ, గెలమీదిదీ, నిన్నటి కల్లు అంటుకుని ఉన్న లొట్టి లోపలి గోడదీ. బ్రస్సెల్స్ పక్కన లాంబిక్ అనే బీరును మూత లేని వెడల్పాటి తొట్లలో రాత్రంతా ఆరబెట్టి, గాలిలోని ఈస్ట్‌కే వదిలేస్తారు. లోకమంతా దాన్ని చూసి నోరెళ్ళబెడుతుంది. కల్లు గీసే మన గౌడన్న అదే పని రోజుకు రెండుసార్లు, అరవై అడుగుల ఎత్తున, నడుముకు మోకు కట్టుకుని చేస్తాడు.

ఎట్లా చేస్తాడో చెప్పాలి. పాదాలకు గుజి, నడుముకు మోకు, వెనక ముత్తాదులో కత్తులు. పైకి చేరాక మట్టల మధ్య కుదురుగా ఒరిగి ముందు గెలను చూస్తాడు. కొత్త గెలను కొన్నాళ్ళపాటు రోజూ కర్రలతో మెల్లగా నలిపి, కట్టి, కొన చెక్కి మచ్చిక చేసుకుంటే తప్ప నీరు దిగదు. గట్టిగా నలిపితే చచ్చిపోతుంది, మెత్తగా వదిలేస్తే ఊరదు. ఆ ఒత్తిడి ఎంతో చేతికే తెలుసు. నీరు దిగడం మొదలయ్యాక పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కోత. ఘట్‌కేసర్ అవతల ఒక ముసలి గౌడన్నను ఎంత పల్చగా కోయాలని అడిగాను. చెట్టు దిగి వచ్చి ఒక పొర నా అరచేతిలో పెట్టాడు. దాని వెనక నా చేతిగీతలు కనపడుతున్నాయి. "మందంగ కోస్తె గెల జల్ది ఒడుస్తది సారూ. గిట్ల కోస్తె రోజులకు రోజులు పారుతది" అన్నాడు. తర్వాత చెక్క మీద రాతిపొడి చల్లి కత్తి నూరుకుంటూ కూర్చున్నాడు. ఆ కత్తి అంచుకు వెంట్రుక తగిలినా రెండయ్యేటట్టుంది.

పోతుతాడు గెల వేరు, పండుతాడు గెల వేరు, వాటి కాలాలూ వేరు. ఈతచెట్టుదైతే మరో విద్య. గెల జోలికి పోరు. మొవ్వు కింద కాండాన్నే చెక్కి గాటు పెడతారు. మధ్యమధ్య చెట్టుకు విశ్రాంతినివ్వాలి, మరుసటేడు గాటు రెండో పక్కకు మారాలి. ఈతకల్లు తీపే, కాదనను. కానీ తాటికల్లులోని ఆ పదును, నాలుక చివర ఆ చురుకు ఈతకు రాదు. దీనిమీద నాతో వాదించి గెలిచినవాళ్ళు లేరు, నేను ఒప్పుకోను కాబట్టి.

చరిత్ర గురించి పెద్దలు చెప్పేది చాలా ఉంది. గౌడుల దేవుడు కాటమయ్య కథ, ఎల్లమ్మ కథ, చేర్యాల పటం విప్పి చెప్పే గౌడపురాణం. కల్లు గీసిన చేతులతోనే 1708లో ఓరుగల్లు మీదికి దండెత్తిన సర్వాయి పాపన్నను, గీత పనివారల సంఘాన్ని నడిపిన బొమ్మగాని ధర్మభిక్షాన్ని తలుచుకోకుండా మాత్రం ఈ మాట దాటలేను.

ఇక అసలు సంగతి. తాటినీరులో చక్కెర వందకు పది పన్నెండు పాళ్ళుంటుంది. పులిస్తే అందులో సగం బరువు మాత్రమే ఆల్కహాల్ అవుతుంది. అంటే ఎంత పులిసినా, ఘనపరిమాణం లెక్కన ఆరేడు శాతం దగ్గర ఆగిపోవాల్సిందే. తాగే వేళకు మామూలుగా నాలుగైదే ఉంటుంది. సాయంత్రానికి వేరే సూక్ష్మజీవులు చేరి పుల్లబడిపోతుంది. ప్రకృతి గీసిన గీత అది. మరి నగరంలో కల్లు కాంపౌండులో రెండు సీసాలకే మనిషి గోడకు ఒరిగిపోతున్నాడంటే, ఆ బలం ఏ చెట్టు ఇచ్చింది?

ఏ చెట్టూ ఇవ్వలేదు. క్లోరల్ హైడ్రేట్ ఇచ్చింది, డైజెపామ్ ఇచ్చింది, ఆల్ప్రాజోలం ఇచ్చింది. నీళ్ళు, శాకరిన్, నురగకు ఒక పొడి, మత్తుకు ఒక పొడి. చెట్టెక్కనివాడు, గెల ఎట్లుంటదో చూడనివాడు కల్లు 'తయారు' చేస్తున్నాడు! 2015లో కల్తీ మీద దాడులు జరిగి సరఫరా ఆగితే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం పిచ్చెత్తినట్టు అరుస్తూ, వణుకుతూ ఆస్పత్రుల పాలయ్యారు. మితంగా తాగే చెట్టుకల్లు మానేస్తే అట్లా కాదు. మందు బిళ్ళలు మానేస్తే అవుతుంది. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కూలినాలి చేసుకునేవాళ్ళు ప్రాణాలే పోగొట్టుకున్నారు. నగరంలో దుకాణాలను 2004లో మూశారు, 2014లో తెరిచారు. మూసినప్పుడు గీతకార్మికుడి పొట్ట కొట్టారన్నారు. తెరిచినప్పుడు అతని పొట్ట నిండిందా? చుట్టుపక్కల తాళ్ళన్నీ వెంచర్ల కింద కొట్టేశాక అన్ని వేల సీసాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో లెక్క అడిగినవాడు లేడు. తాటిచెట్టు కల్లుకు రావాలంటే పదిహేనేళ్ళు పడుతుంది. ప్లాటుకు రాళ్ళు పాతడానికి ఒక పూట చాలు.

బెల్జియం వాళ్ళు తమ బీరు సంస్కృతిని 2016లో యునెస్కో జాబితాకు ఎక్కించుకున్నారు. మనం మన కల్లును పోలీసు పంచనామాకు ఎక్కించాం. సర్కారు ఏమీ చేయలేదనను. నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ పెట్టింది, 2024 నుంచి కాటమయ్య పేరుతో చెట్టు మీంచి పడకుండా రక్షణ కిట్లు ఇస్తోంది. మంచిదే. కానీ నీరా అంటే పులియనివ్వకుండా ఆపిన నీరు. పులిసిన కల్లుకే కదా ఆ విద్యంతా! దాన్ని సిగ్గుపడుతూ దాచిపెట్టి, పక్కింటి పిల్లను చూపించినట్టుంది.

తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, రసాయన పరిశోధన చేసే ఐఐసీటీ ఉంది. సీసాలో ఆల్ప్రాజోలం ఉందో లేదో తేల్చడం అక్కడివాళ్ళకు ఎంతసేపు? ప్రతి కాంపౌండు నుంచి వారం వారం నమూనా తీసి, ఫలితం దుకాణం గోడ మీదే తెలుగులో అతికించమనండి. ఏ ఊరి, ఏ గీత సొసైటీ చెట్ల కల్లో కూడా రాయమనండి. రాయలేనివాడి దుకాణం మూయండి. గీసేవాడికి దీనివల్ల నష్టం లేదు.

అంతదాకా, వారాసిగూడ పిల్లలూ, ఆదివారం తెల్లారకముందే లేచి పోచంపల్లి వైపు పొండి. చెట్టు కిందే నిలబడండి. గౌడన్న దిగాక ముందు 'అన్నా, ఇది పోతుదా పండుదా' అని అడగండి. అడిగినవాడికి మంచి లొట్టి తీస్తాడు. తాటాకు రేకలో పోయించుకుని తాగండి. ఇంటికి తెచ్చుకుంటే సీసా మూత బిగించకండి, దారిలోనూ పులుస్తూనే ఉంటుంది, పగులుతుంది. మధ్యాహ్నం దాటాక మిగిలింది తాగొద్దు, దోసెల పిండిలో కలపండి.