గంధకం ముట్టని వైన్

గంధకంతో చేసే సల్ఫైట్లు వైన్‌ను చెడకుండా కాపాడతాయి. ఉబ్బసం ఉన్న కొందరికి అవే ఆయాసం తెస్తాయి. ఫ్రాన్స్‌లో బోజొలే ప్రాంతపు రైతు మార్సెల్ లాపియెర్ 1980ల్లో అవి కలపకుండానే వైన్ చేయడానికి పూనుకున్నాడు. దారి చూపినవాడు రసాయనశాస్త్రం తెలిసిన వైన్ వ్యాపారి జూల్ షోవే.

ఎంత ఓపిక కావాలి ఆ పనికి! కుళ్లు తగిలిన పండు ఒక్కటీ తొట్టిలో పడకూడదు. గుత్తులు విడదీయకుండా, చల్లగా, నిదానంగా పులియాలి. పీపా, గొట్టం, నేల అన్నీ మడిగా ఉండాలి. చిటికెడు మందుతో తీరే పనిని కంటికి రెప్పలా కాచుకోవడమే నాకు గొప్పగా తోస్తుంది.

ఉబ్బసం ఉన్నవారికి ఆర్గానిక్ ముద్ర ఒక్కటే భరోసా కాదు: యూరప్ నిబంధనల ప్రకారం తీపి లేని ఆర్గానిక్ రెడ్ వైన్‌లోనూ లీటరుకు 100 మిల్లీగ్రాముల దాకా సల్ఫైట్లు ఉండొచ్చు. పులిసేటప్పుడు ఈస్ట్ కూడా కొంత పుట్టిస్తుంది. అందుకే సీసా మీది అక్షరాలు చదవాలి, వైద్యుణ్ణి అడగాలి.

లాపియెర్ 2010లో పోయాడు. ఆయన ద్రాక్షతోటలను ఇప్పుడు పిల్లలు చూస్తున్నారు.