మగత నిద్రలో మట్టి వాసన

నిద్రలో ఉన్న మనిషిని పిలుపు లేపుతుంది. మొహాన ఎండ పడితే మెలకువ వస్తుంది. వాసన మాత్రం లేపదు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ కార్స్‌కాడన్, రేచెల్ హెర్జ్ 2004లో ప్రచురించిన ప్రయోగంలో ఇది తేలింది. పడుకున్నవాళ్ళ ముక్కు దగ్గరికి ఒకసారి పెప్పర్‌మింట్ వాసన, ఇంకోసారి ముక్కుపుటాలు అదిరిపోయే పిరిడిన్ వాసన పంపారు. అప్పుడే కళ్ళు మూతలు పడుతున్న దశలో వాసన తెలిసింది. నిద్ర లోతుకు దిగాక పెప్పర్‌మింట్‌కు చలనమే లేదు; పిరిడిన్‌కు కూడా అంతంతమాత్రమే. అదే మనుషులు చప్పుడుకు మాత్రం లేచి కూర్చున్నారు. పొగ వాసన వస్తే అదే మెలకువ వస్తుందిలే అని నమ్ముకుని పడుకోవద్దన్నది ఆ పరిశోధకుల హెచ్చరిక. నాకు అందులో ఇంకో సంగతి కూడా కనిపించింది. ముక్కుకు ఆఖరి మజిలీ మగత. అది దాటితే మనిషికి పరిమళంతో పనిలేదు.

కాబట్టి మెలకువకూ కలకూ నడుమ ఊగే ఆ కాసేపటి కోసం ఒక పరిమళం కావాలనుకోవడం కవుల ముచ్చట మాత్రమే కాదు. సుగంధాల వ్యాపారులకూ ఈ సంగతి తెలుసు. కలల పేర్లు, రాత్రుల పేర్లు పెట్టుకున్న గాజు సీసాలు ప్రపంచమంతటా అమ్ముడవుతూనే ఉంటాయి. నా ఫిర్యాదల్లా ఆ సీసాల్లోని ఆల్కహాలు మీద. అది 78 డిగ్రీలకే మరిగే ద్రవం. చర్మం మీద పడీపడగానే ఎగిరిపోతుంది, పోతూ పోతూ తేలికపాటి వాసనలన్నిటినీ ఒక్కసారిగా లేపుకుపోతుంది. ఆ మొదటి విసురు మనిషిని తట్టి లేపడానికి బాగుంటుంది. జోకొట్టడానికి పనికిరాదు. మగతకు తగినది మెల్లగా రావాలి, వచ్చినట్టు తెలియకుండా రావాలి. ఆ పని తెలిసినవాళ్ళు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఉన్నారు.

ఏడో శతాబ్దంలో హర్షుడి రాజధాని అయిన కన్నౌజ్ ఇప్పుడు గంగకు దగ్గరలో ఉన్న ఓ మోస్తరు పట్టణం. భౌగోళిక గుర్తింపు పొందిన అత్తరు దానిది. బట్టీల దగ్గర పెద్ద పెద్ద రాగి పాత్రలు మట్టి పొయ్యిల మీద బారులు తీరి ఉంటాయి. ఆ పాత్రను డేగ్ అంటారు. అందులో పూలు, నీళ్ళు వేసి, మూత పెట్టి, సందుల్లోంచి ఆవిరి పోకుండా మట్టీ దూదీ కలిపి మెత్తుతారు. మూతలోంచి ఒక వెదురు గొట్టం, చోంగా, వంగి కిందికి దిగుతుంది. గొట్టం చుట్టూ తాడు బిగించి చుట్టి ఉంటుంది. దాని రెండో కొస ఇంకో రాగి పాత్రలోకి పోతుంది. పొడుగు మెడ, గుండ్రటి పొట్ట ఉన్న ఆ పాత్ర భప్కా. అది నీళ్ళ తొట్టిలో మునిగి ఉంటుంది, చల్లగా ఉండటానికి. అసలు కిటుకు భప్కా లోపల ఉంది. అది ఖాళీగా ఉండదు. అడుగున గంధం నూనె పోసి ఉంచుతారు. పూలలోంచి బయలుదేరిన ఆవిరి గొట్టంలో ప్రయాణం చేసి వచ్చి ఆ నూనెలో చల్లారుతుంది. నీరు నీరుగా వేరుపడుతుంది. వాసన నూనెను పట్టుకుంటుంది.

గంధం నూనెలో ముఖ్యమైనవి శాంటలాల్ అనే బరువైన అణువులు. ఇవి మరగాలంటే దాదాపు 300 డిగ్రీల వేడి కావాలి. ఒంటి వేడికి అవి తొందరపడవు. తమలో కలిసిన గులాబీనీ మల్లెనీ కూడా తొందరపడనివ్వవు. అత్తరు గదంతా కమ్మేయకుండా రాసుకున్న మనిషికి మూరెడు దూరంలోనే ఉండిపోవడానికీ, పొద్దున రాసింది సాయంత్రానికి ఇంకో రూపంలో పలకడానికీ కారణం అదే.

బట్టీ దగ్గర ఉష్ణమాపకాలు కనబడవు. పనివాడు డేగ్ దగ్గర చెవి పెట్టి నీళ్ళ ఉడుకు వింటాడు. తొట్టిలో చెయ్యి ముంచి భప్కా పొట్ట తడిమి ఎంత నిండిందో, ఎంత వేడెక్కిందో చెబుతాడు. మంట ఎక్కువైతే పూలు మాడిన వాసన నూనెలోకి దిగుతుంది, ఇక ఆ నూనెను బాగుచేయడం ఎవరి తరమూ కాదు. అందుకే పుల్లలు తీస్తూ పెడుతూ, డేగ్ మీద తడిగుడ్డ వేస్తూ ఉంటాడు. రాత్రంతా భప్కాను కదపకుండా ఉంచితే నూనె పైకి తేలుతుంది. అడుగున చేరిన నీటిని తీసి, మర్నాడు కొత్త పూలతో పాటు మళ్ళీ డేగ్‌లోనే పోస్తారు. ఆ నీళ్ళలో మిగిలిన పరిమళాన్ని కూడా వదులుకోరు. నూనె మాత్రం అదే. రోజుల తరబడి కొత్త పూలు వచ్చి అదే నూనెలో ఒదుగుతాయి. పూర్తయ్యాక తోలు కుప్పెల్లో పోసి దాచేవారు. నూనెలో మిగిలిన తడి ఆ తోలులోంచి మెల్లగా ఆరిపోతుంది. ఇదంతా గిట్టుబాటయ్యే పద్ధతేనా అని అడిగితే సమాధానం చెప్పడం కష్టం. ఈ పద్ధతికి మరో తోవ లేదనడం మాత్రం తేలిక.

పూలు సరే, మట్టి సంగతి చూడండి. కన్నౌజ్‌లో తీసే అత్తర్లలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది మట్టి అత్తరు. బంకమట్టిని బిళ్ళలుగా చేసి ఎండబెట్టి కాలుస్తారు. కాల్చిన బిళ్ళలను పూల బదులు డేగ్‌లో నింపి, నీళ్ళు పోసి, ఆవిరి పడతారు. కాల్చని మట్టయితే ఉడికేటప్పుడు బురదైపోతుంది; కాల్చినది గుల్లగా నిలబడి తన వాసనను వదులుతుంది. కొత్త కుండలో మొదటిసారి నీళ్ళు పోసినప్పుడు వచ్చే వాసన తెలిసినవాళ్ళకు ఆ బట్టీలో ఏం జరుగుతోందో విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ వాసనే గంధం నూనెలోకి దిగి, చిటికెన వేలంత సీసాలో తొలకరి అయి కూర్చుంటుంది.

ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థలో పనిచేసిన ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 1964లో నేచర్ పత్రికలో తొలివాన వాసన మీద ఒక వ్యాసం రాశారు. ఎండకు ఎండిన రాళ్ళనూ మట్టినీ ఆవిరి పట్టి వాటిలోంచి పసుపు రంగు నూనె తీశారు. పొడి కాలంలో గాలిలోనుంచీ మొక్కలనుంచీ వచ్చే నూనెల్లాంటి పదార్థాలను మట్టి తనలోకి పీల్చుకుని, తేమ తగలగానే వదిలేస్తుందని వాళ్ళు చూపారు. ఆ నూనెకు పెట్రికోర్ అని పేరు పెట్టింది వాళ్ళే. ఉత్తరప్రదేశ్‌లో ఈ వాసననే గంధం నూనెలో పట్టి అత్తరుగా అమ్ముతున్నారన్న సంగతి వాళ్ళకు తెలుసు, రాశారు కూడా. ప్రయోగశాల పేరు పెట్టేనాటికే బట్టీలో సరుకు తయారై ఉందన్నమాట. తొలివాన వాసనలో ఇంకో భాగం నేలలోని సూక్ష్మజీవులు చేసే జియోస్మిన్. దాన్ని పట్టడంలో మన ముక్కు అసాధ్యురాలు. లక్ష కోట్ల పాళ్ళలో కొద్ది పాళ్ళున్నా పసిగడుతుంది.

రోహిణీ కార్తె ఎండలో మధ్యాహ్నం కునుకు తీసేవాళ్ళు ఎరిగిన అనుభవం ఒకటుంది. ఎక్కడో నాలుగు చినుకులు పడతాయి. వాసన కిటికీలోంచి వస్తుంది. వానొచ్చిందా, వచ్చినట్టు కలొచ్చిందా అన్నది కాసేపు తేలదు. తేల్చుకోవడానికి కళ్ళు తెరవాలి, తెరవబుద్ధి కాదు. మట్టి అత్తరు పనిచేసేది సరిగ్గా ఆ సందులో. అది వాన బొమ్మ గీయదు. రుజువు చూపించకుండా వాన వచ్చి ఉండొచ్చన్న అనుమానం మాత్రం రేపుతుంది. వేసవి పగళ్ళలో మన ఇళ్ళ గుమ్మాలకు కట్టి నీళ్ళు చల్లే వట్టివేళ్ళ తడికెలు చేసింది కూడా ఈ పనే. రాగి డేగ్‌లో తీసిన వట్టివేళ్ళ నూనె ఆకుపచ్చగా దిగుతుంది, రాగి తగలడం వల్ల. గంధం కలపకుండా వేళ్ళ నూనె ఒక్కటే తీస్తే దాన్ని రూహ్ ఖస్ అంటారు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మొదట చల్లదనం తెలుస్తుంది, మట్టీ వేరూ తర్వాత వస్తాయి.

అయితే మగతకు ఒకే ఒక్క అత్తరు ఎంచమంటే నేను శమామా వైపు మొగ్గుతాను. మట్టి అత్తరు ఒకే మాట చెబుతుంది. శమామా గుంపుగా గొణుగుతుంది. మన మసాలా డబ్బాలో ఉండే రాతిపువ్వు, ఏలకులు, లవంగాలు, జాజికాయ, మూలికల కొట్లో దొరికే తుంగముస్తలు, జటామాంసి, ఇంకా ఎన్నో వేళ్ళూ బెరళ్ళూ కలిసి దాంట్లోకి వెళతాయి. ఒక్కో కుటుంబానికి ఒక్కో పాళ్ళు, పైవాళ్ళకు చెప్పరు. దీని దగ్గర కూర్చుంటే ఏలక్కాయ అని గుర్తుపట్టేలోగా అది జారి తడి బెరడు అవుతుంది, బెరడును పట్టుకునేలోగా పాత పెట్టె తెరిచినట్టు ఇంకేదో వస్తుంది. నిద్రపట్టే ముందు తలలో మెదిలే తలపులూ ఇలాగే ఒకదాన్నొకటి తోసుకుపోతాయి. జటామాంసి నిద్ర పట్టిస్తుందని ఆయుర్వేదం నమ్మకం. శమామా వాసన చూస్తే నిద్రొస్తుందని మాత్రం నేను అనను. ఇది మందు కాదు. హిమాలయాల్లో జటామాంసి అంతరించిపోయే దశకు వచ్చిందన్న సంగతి కూడా మరిచిపోకూడదు.

తెలుగు నేలకు ఈ వ్యాపారం కొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనంలో సముద్ర వర్తకులకు అభయమిస్తూ సరుకుల వారీగా సుంకాలు చెక్కించాడు: గంధం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది అన్నీ అందులో ఉన్నాయి. తర్వాత కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయ్యసెట్టికే శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. కస్తూరి అమ్మినవాడికి కావ్యం దక్కిన కాలమది! ఇక మొగలి సంగతి చెప్పాలంటే శ్రీకాకుళం దాటి గంజాం వెళ్ళాలి. మొగలి అత్తరుకు దేశంలో పెట్టింది పేరు ఆ జిల్లాయే. తెలుగు వినబడే ఆ ఊళ్ళలోనూ కన్నౌజ్ మాదిరి డేగులూ భప్కాలే పనిచేస్తాయి. హైదరాబాదులో చార్మినార్ చుట్టుపక్కల అత్తరు కొట్లు రంజాన్ నెలలో కిటకిటలాడతాయి. అక్కడ రాత్రి పొద్దుపోయాక కొనడమే మంచిది. ముక్కు అప్పటికి కాస్త నెమ్మదిస్తుంది, ఇది నా అభిప్రాయం మాత్రమే.

ఈ అత్తరుకు ఇప్పుడొచ్చిన చిక్కంతా గంధంతోనే. మైసూరు గంధం చెట్లు తరిగిపోయాయి, నూనె ధర ఆకాశానికి అంటింది. చాలామంది భప్కాలో గంధం నూనె బదులు లిక్విడ్ పారఫిన్ పోస్తున్నారు. డేగ్ అదే, పూలు అవే, పనివాడి చెవీ అదే. పారఫిన్‌కు మాత్రం సొంత వాసన లేదు. వచ్చిన పరిమళానికి కిందనుంచి ఆసరా ఇచ్చే గంధపు వెచ్చదనం అందులో దొరకదు. పువ్వు పోయాక ఏమీ మిగలదు. బీదవాడికి కూడా అత్తరు అందాలి కదా అని పారఫిన్ వాడేవాళ్ళు అంటారు, అందులో న్యాయం ఉంది. సీసా మీద ఆ సంగతి రాయకపోవడమే అన్యాయం. 1991లో కన్నౌజ్‌లో ఏర్పడిన సుగంధాల అభివృద్ధి కేంద్రం అత్తర్ల నాణ్యతను పరీక్షిస్తుంది. కొనేవాళ్ళు అడగడం మొదలుపెడితే తప్ప ఆ పరీక్ష కొట్టుదాకా రాదు.

వాడటం పాతకాలపువాళ్ళను చూసి నేర్చుకోవాలి. చిన్న దూది ఉండకు అత్తరు అంటించి చెవి మడతలో పెట్టుకునేవారు. పడుకున్నప్పుడు ఆ దూది ముక్కుకు దగ్గరలోనే ఉంటుంది, ఒంటి వేడికి కొద్దికొద్దిగా వదులుతుంది. మణికట్టు మీద రాసి రెండో మణికట్టుతో రుద్దేసే అలవాటు అక్కర్లేదు. చుక్క చాలు, రెండు చుక్కలైతే అది మగతను చెడగొట్టి తన గురించే చెబుతుంది.

కలలోకి వాసన వెళ్ళదా అంటే, ఒక దారి ఉంది. జర్మనీలో మైకేల్ ష్రెడ్ల్, ఆయన సహచరులు 2009లో ప్రచురించిన ప్రయోగంలో కలలు వచ్చే నిద్ర దశలో కొందరికి ఒకసారి కుళ్ళిన గుడ్ల వాసన, ఇంకోసారి గులాబీ వాసన పంపి, వెంటనే లేపి కల చెప్పమన్నారు. గులాబీలు కలలో కనబడటం అరుదు. కల రుచి మాత్రం మారింది. గులాబీ వచ్చినప్పుడు కల హాయిగా, గుడ్ల వాసన వచ్చినప్పుడు చేదుగా నడిచింది. అక్కడ గులాబీ కోసం వాడింది ఫీనైల్ ఇథైల్ ఆల్కహాల్. అది నీళ్ళలో కరిగే రకం, అందుకే గులాబీలను ఆవిరి పట్టినప్పుడు చాలావరకు నూనెను వదిలి పన్నీటిలోకి పోతుంది. కొట్లో అత్తరు ధర అడిగి గుండె ఝల్లుమంటే, అది గంధం మీద తీసిందా పారఫిన్ మీదా అని అడిగినా జవాబు రాకపోతే, పక్కనే నిజంగా గులాబీలతో తీసిన పన్నీరు ఉందేమో చూసి ఒక బుడ్డి తెచ్చుకుని దిండు గలీబు మీద చిలకరించుకోవచ్చు.