తూమెడు యవలు

అమెరికాలో క్రైస్తవ ప్రేమనవలలకు పెద్ద పాఠకలోకం ఉంది. అందులో ఒక కథ మళ్లీ మళ్లీ వస్తుంది. పెద్ద పశువుల కమతం, అందులో పనికి కుదిరిన ఇద్దరు, ఇద్దరికీ వెనకాల చెప్పుకోలేని దుఃఖం. పనిలో, ప్రార్థనలో నెమ్మదిగా ఒకరికొకరు ఆసరా అవుతారు. జానెట్ ఓక్ 1979లో రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ ఈ బాట వేసినవాటిలో ముఖ్యమైనది. దారిలోనే భర్తను పోగొట్టుకున్న ఒక అమ్మాయి, పసిబిడ్డతో మిగిలిన ఒక రైతు ఆ కథలో కలుస్తారు. ఫ్రాన్సీన్ రివర్స్ 1991లో ‘రిడీమింగ్ లవ్’ రాసి, హోషేయ ప్రవక్త కథను కాలిఫోర్నియా బంగారు వేట రోజుల్లోకి తీసుకుపోయింది. 2022లో అది సినిమాగా కూడా వచ్చింది. ఈ నవలలన్నిటికీ మాతృక అనదగ్గ కథ మన తెలుగు బైబిల్లోనే ఉంది. అది రూతు గ్రంథం. నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు, అంతే.

హైదరాబాదులో నారాయణగూడ బాప్టిస్టు చర్చిలోనో, బషీర్‌బాగ్ దాటగానే గన్‌ఫౌండ్రీలో కనిపించే సెయింట్ జోసెఫ్ కెథడ్రల్‌లోనో పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లకు రూతు పేరు కొత్త కాదు. నువ్వెక్కడికి వెళ్తే అక్కడికే వస్తానన్న ఆమె మాటను క్రైస్తవుల పెళ్లిళ్లలో తరచు గుర్తు చేస్తారు. అయితే ఆ మాట ఆమె పెళ్లికొడుకుతో అనలేదు. మొగుణ్ణి పోగొట్టుకున్న కోడలు, మొగుణ్ణీ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న అత్తతో అంది. ప్రేమకథను అత్తాకోడళ్లతో మొదలుపెట్టడంలోనే ఈ రచయిత నేర్పు తెలుస్తుంది.

కరువొచ్చి బేత్లెహేము నుంచి మోయాబుకు వలసపోయిన కుటుంబం అది. పదేళ్లయ్యాక అత్త నయోమి తిరిగొస్తుంది, వెంట మోయాబు పిల్ల రూతు. నిండుగా వెళ్లి వట్టి చేతులతో వచ్చానని నయోమి ఊరి ఆడవాళ్ల ముందు వాపోతుంది. అప్పుడే యవల కోత మొదలైందని రచయిత ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాడు. అంత దుఃఖం పక్కన అంత చిన్న వాక్యం. కథ మలుపంతా అందులోనే ఉంది.

రెండో అధ్యాయం దగ్గర నేను చాలాసేపు ఆగుతాను. రూతు పరిగె ఏరుకోవడానికి వెళ్తుంది. పొలం యజమాని బోయజు వస్తాడు. వస్తూనే కూలీలను దేవుని పేరిట పలకరిస్తాడు, వాళ్లూ అలాగే బదులు పలుకుతారు. మనిషి ఎలాంటివాడో చెప్పడానికి రచయిత వాడుకున్నది ఈ పలకరింపే. ఆ తర్వాత బోయజు చేసేవన్నీ పొలంలో జరిగే పనులే. వేరే చేలోకి వెళ్లొద్దంటాడు. కుర్రాళ్లు ఆమె జోలికి పోకుండా కట్టడి చేస్తాడు. దాహమైతే పనివాళ్లు తోడిన కుండల్లో నీళ్లు తాగమంటాడు. భోజనాల వేళ కూలీల పక్కన కూర్చోబెట్టి, పేలాలు తన చేత్తో అందిస్తాడు. ఆమె కడుపునిండా తిని కొంచెం మిగుల్చుకుంటుంది. ఆ మిగులు ఎవరి కోసమో రచయిత అప్పుడు చెప్పడు. సాయంత్రం అత్త చేతిలో పెట్టినప్పుడు మనకే తెలుస్తుంది.

ఆమె లేచి మళ్లీ ఏరడానికి వెళ్లాక బోయజు కూలీలకు ఒక మాట చెబుతాడు. పనల్లోంచి కావాలని కొన్ని వెన్నులు లాగి ఆమె దారిలో వదిలేయమంటాడు. ఆమెను ఎవరూ గద్దించకూడదంటాడు. దానం చేసినట్టు ఆమెకు తెలియకూడదు. తన కష్టమే తనను పోషించిందని ఆమె అనుకోవాలి. ప్రేమకథల్లో ఇంతకంటే మర్యాదైన చర్య నేను చదవలేదు. పొద్దుగూకే వేళ ఆమె కంకులు దులిపి కొలిస్తే దాదాపు తూమెడు యవలు తేలతాయి. ఒంటరి ఆడమనిషి ఒక్కరోజు పరిగెలో అంత గింజ రాదు. నయోమి ఆ కొలత చూసి, ఎవరి చేలో ఏరావే అని అడుగుతుంది. బోయజు మనసు ఆమెకు గింజల లెక్కలో కనిపించింది. అమెరికన్ నవలలైతే ఈ చోట నాయకుడి గుండె చప్పుడు రెండు పేజీలు వినిపిస్తాయి.

ఈ అధ్యాయం మన దగ్గర బలంగా నాటుకోవడానికి ఇంకో కారణముంది. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పని ఇప్పించి వేలమంది కడుపు నింపాడు. 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్లు, ఊరి పొలాల్లో చాకిరీ చేసినవాళ్లు. కరువు, వలస, పరిగె గింజలు వాళ్లకు బతుకులో భాగం. కోత పండుగ నాడు ఇప్పటికీ చాలా తెలుగు చర్చిల్లో కొత్త పంట తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. అలాంటి సంఘాల్లో రూతు పరదేశి కథ ఎలా అవుతుంది?

కళ్లంలో రాత్రి ఘట్టం మరో గొప్ప పనితనం. దేవుని రెక్కల కింద ఆశ్రయం కోరి వచ్చిన నీకు ఆయన నిండైన ప్రతిఫలం ఇవ్వాలని చేలో బోయజు దీవించాడు. ఇప్పుడు అత్త పంపగా కళ్లానికి వచ్చిన రూతు చీకట్లో, నీ కొంగు నా మీద కప్పమని అతన్నే అడుగుతుంది. దీవించిన మనిషినే ఆ దీవెనకు బాధ్యుణ్ణి చేసింది! బోయజు తొందరపడడు. నయోమి భర్త తరఫున తనకంటే దగ్గరి బంధువు ఒకడున్నాడు, ముందు అతన్ని అడగాలి. తెల్లవారకముందే, అత్త దగ్గరికి వట్టి చేతులతో వెళ్లొద్దని ఆరు కొలల యవలు పోసి పంపిస్తాడు. మొదటి అధ్యాయంలో నయోమి అన్న మాటకు జవాబు ఇక్కడ గింజల రూపంలో వచ్చింది. తెల్లారాక ఊరి గుమ్మం దగ్గర పదిమంది పెద్దల ముందు ఆ దగ్గరి బంధువు నయోమి పొలమైతే కావాలంటాడు, రూతు కూడా వస్తుందనేసరికి వెనక్కి తగ్గి చెప్పు విడిచి ఇచ్చేస్తాడు. రచయిత అతని పేరు రాయలేదు.

గాయాల సంగతికొస్తే, రూతు చనిపోయిన భర్త గురించి ఒక్కసారీ మాట్లాడదు. ఇద్దరన్నదమ్ముల్లో ఆమె భర్త ఎవరో కూడా నాలుగో అధ్యాయం దాకా మనకు తెలియదు. బోయజు తల్లి రాహాబు అని మత్తయి సువార్త చెబుతుంది; ఆమెను యెరికో రాహాబుగానే భావిస్తారు. పరాయి స్త్రీ కొడుకుగా అతను ఏం పడ్డాడో ఇక్కడ ఒక్క అక్షరం లేదు. ‘ప్రేమ’ అనే మాట కూడా గ్రంథం మొత్తంలో ఒక్కసారే వస్తుంది. అదీ ఊరి ఆడవాళ్ల నోట, ఏడుగురు కొడుకులకంటే ఎక్కువైన కోడలికి అత్తమీద ఉన్న ప్రేమ గురించి. రూతు, బోయజుల పెళ్లయ్యాక పుట్టిన బిడ్డను నయోమి ఒడిలో పెట్టుకుంటుంది, నయోమికి కొడుకు పుట్టాడని ఆడవాళ్లు అంటారు. మాన్పవలసిన గాయం ఎవరిదో రచయితకు మొదటినుంచీ తెలుసు. జానెట్ ఓక్‌లో ఈ నిగ్రహం కొంత కనిపిస్తుంది. రివర్స్ నవలలో ఉద్వేగం ఎక్కువ, నిగ్రహం తక్కువ.

మోయాబువాళ్లు పదో తరం దాకా సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండం అంటుంది. ఈ కథ చివరి మాట దావీదు. ఆ మోయాబు పిల్ల అతనికి తాతమ్మ.

అశోక్‌నగర్ హాస్టళ్లలో పోటీపరీక్షలకు చదువుతున్న పిల్లల్లో వరికోత చూసి పెరిగినవాళ్లు ఎందరో. చిక్కడపల్లి లైబ్రరీ నుంచి గదికి చేరిన ఒక సాయంత్రం రూతు గ్రంథాన్ని తెరవండి. న్యాయాధిపతులు, సమూయేలు మొదటి గ్రంథం, ఈ రెంటి మధ్య ఉంటుంది, పావుగంటలో అయిపోతుంది. రెండో అధ్యాయాన్ని మాత్రం పైకి చదవండి.